పన్నెండో నంబరు ఇల్లు

తిరువూరు,
17 మార్చి 2025

ప్రభువునందు మేనకోడలు మేఘనకు ఏబెల్ మామయ్య వందనాలు.

నువ్వు నా ఫోను ఎత్తవు కాబట్టి కాగితం తీశాను. మన పాత గొడవ కోసం కాదు. నువ్వు మన ప్రార్థన సహవాసానికి చేసిపెట్టిన విన్నపాల పెట్టె గురించి రాస్తున్నాను.

అది ఎలా నడుస్తోందో నీకు చెప్పాలి. పెనుగొలను నుంచి విస్సన్నపేట దాకా నూట నలభై ఇళ్ళ ఆడవాళ్ళు తమ ఫోనులో విన్నపం రాసి, చివర పేరు బదులు ప్రార్థన కార్డు నంబరు వేసి పంపుతున్నారు. దారిలో ఎవరూ చదవకుండా నీ తాళం పడుతోంది. నా మోటార్ల రీవైండింగ్ షాపులో ఉన్న కంప్యూటరు మీదే తెరుచుకుంటోంది. ఏ నంబరు ఎవరిదో చెప్పే పుస్తకం నా ఇనప్పెట్టెలో ఉంది. చీటీలు చెక్కపెట్టెలో వేసే రోజుల్లో వచ్చిన తగువులు ఇప్పుడు లేవు. ఇంతవరకు నీకు కృతజ్ఞతలే.

మార్చి 6న ఒక విన్నపం తెరుచుకుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"బ్రదర్ గారూ, మా పాప పదో తరగతి పరీక్షలు రాస్తుంది. దానికి పదహారు కూడా నిండలేదు. ఈ నలభై శ్రమదినాల్లో కుదరదని, ఈస్టరు అయిన గురువారానికి పెళ్ళి పెట్టాడు వాళ్ళ నాన్న. పాప అన్నం మానేసింది. మీ మాటంటే ఆయనకి భయం. ఎలాగైనా ఆపండి. నేను చెప్పానని తెలిస్తే నన్ను బతకనివ్వడు. 12"

పుస్తకం తీశాను. పన్నెండు అంటే ప్రమీలారాణి. భర్త విజయ్ కుమార్ బస్సు కండక్టరు. వాళ్ళ పాప పదో తరగతే. ఇంకేం కావాలి? సహవాసంలో నా కుడిభుజం అంతోనయ్యని పిలిచి చదివి వినిపించాను.  అతను "పన్నెండేనా బ్రదర్ గారూ, సరిగ్గా చూశారా?" అన్నాడు. చూశానన్నాను. "అయితే పదండి, ఇప్పుడే పోదాం" అని నాకంటే ముందు లేచాడు.

పోయాం. "ఎవరి పెళ్ళండీ?" అంది ప్రమీలారాణి. మీ పాపదే అన్నాను. విజయ్ కుమార్ నవ్వాడు. "దాన్ని పొద్దున్నే లేపి పుస్తకం ముందు కూర్చోబెట్టేసరికే నాకు డ్యూటీ టైమవుతుంది బ్రదర్ గారూ. పెళ్ళి కూడానా?" అన్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. బైబిల్లో, దొంగ సొత్తు గుడారంలో పాతిపెట్టి ఏమీ ఎరగనట్టు నిలబడ్డ ఆకాను నా కళ్ళముందు కనిపించాడు. గోత్రం వెంట గోత్రం, ఇంటి వెంట ఇల్లు, చీటీ తిన్నగా వాడి మీదకే వచ్చింది. ఈ నంబరూ అలాగే వచ్చింది అనుకున్నాను.

నిన్న ఆదివారం దాని మీదే వాక్యం చెప్పాను. పేరు ఎత్తలేదు. "బస్సులో అందరికీ టికెట్టు ఇచ్చేవాడు తన కూతుర్ని ఎక్కడ దించుతున్నాడు?" అన్నాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళు ముగ్గురూ మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. ఈ రోజు పరీక్షకి ఆ పిల్ల కళ్ళు వాచి వెళ్ళిందని మీ అత్తయ్య చెప్పింది. కుళాయి దగ్గర ప్రమీలారాణితో ఎవరూ మాట్లాడడం లేదట.

ప్రమీలారాణి మాత్రం వాక్యగ్రంథం మీద చెయ్యి వేసి, తాను ఆ విన్నపం రాయలేదంటోంది. నీ తాళం అబద్ధం చెబుతోందా, ఆవిడ చెబుతోందా? ఈస్టరుకి ఇంకా నెల రోజులే ఉంది.

ఇంకో వింత చెప్పడం మరిచాను. ఫిబ్రవరిలో ఒకటో నంబరు నుంచి "మా గేదె చూడి నిలవడం లేదు, ప్రార్థించండి" అని వచ్చింది. ఒకటో నంబరు మీ అత్తయ్యదే. అడిగితే "మనకి గేదె ఎక్కడుందండీ, మీరున్నారు చాలదా?" అంది. నెట్టు బాగాలేక అలా వచ్చిందేమో అనుకుని వదిలేశాను.

మీ మామయ్య,
ఏబెల్


హైదరాబాదు,
21 మార్చి

మామయ్యకు,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. 

ఫోనులో ఎందుకు మాట్లాడనో మీకు తెలుసు. మీరు మోటారుకి తీగ చుడుతుంటే బల్లమీది ఫోను అంతోనయ్య గారు ఎత్తుతారు. అదొక కారణం. రెండోది, రెండేళ్ళ కిందట, అవినాష్‌ని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్న సంగతి నేను ఒక్క మీకే చెప్పాను. "మామయ్యా, అమ్మకి నేనే చెప్తాను, నాలుగు రోజులు ఆగండి" అన్నాను. ఆ ఆదివారమే మీరు పేరు ఎత్తకుండా వాక్యం చెప్పారు. అమ్మ ముందు వరసలో కూర్చుని విన్నది. పేరు ఎత్తకపోవడం అంటే మీకు ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఈ పెట్టెలో పేర్ల బదులు నంబర్లు పెట్టింది అందుకే. అత్తయ్య అడిగింది కాబట్టి చేశాను, మీ కోసం కాదు.

ఇప్పుడు ఒక ఆడమనిషి "నేను చెప్పానని తెలిస్తే బతకనివ్వడు" అని రాస్తే, మీరు దాన్ని పట్టుకుని ఇంకో మగవాడికి వినిపించారు. ఆమె భర్త అనుకున్న మనిషి ఇంటికి తిన్నగా నడిచి వెళ్ళారు. ప్రమీలారాణి గారే అది రాసి ఉంటే ఏమయ్యేది?

తాళం సంగతి. మీకు నచ్చే మాటలో చెప్తాను. రెడ్డిగూడెం తోటల్లో మామిడికాయలు పెట్టెల్లో సర్దడం చూశారుగా. నా తాళం కూడా రాతని పెట్టెలుగా సర్దుతుంది. ఒక్కో పెట్టెకి పదహారు గళ్ళు. పెట్టె నిండితేనే తాళం పడుతుంది. రాత ఎప్పుడూ సరిగ్గా పదహారుకి రాదు కాబట్టి, చివరి పెట్టెలో ఖాళీగా మిగిలిన గళ్ళలో గడ్డి కుక్కాలి. దాన్నే ప్యాడింగు అంటాం. తెరిచాక గడ్డి తీసెయ్యాలి. గడ్డి ఏదో కాయ ఏదో తెలియడానికి ఒక నియమం ఉంది. ఐదు గళ్ళు ఖాళీ ఉంటే, ఐదింటిలోనూ ఐదు అనే గుర్తే పెడతాం. తీసేటప్పుడు ఆఖరి గడి చూస్తాం, అది ఐదు అంటే ఐదే తీస్తాం. ఒక్కటి ఎక్కువ తియ్యం. రాత సరిగ్గా పదహారుకి నిండినా సరే, గడ్డితోనే ఇంకో పెట్టె నింపి పంపుతాం. లేకపోతే తీసేవాడు గడ్డి అనుకుని కాయ తీసేస్తాడు.

తాళం చెవి తప్పయితే మొత్తం రాత చెత్తగా కనిపిస్తుంది. విన్నపం అంతా చక్కగా ఉండి, నంబరు ఒక్కటే మారదు. అది మారిందంటే, తెరిచిన తర్వాత ఎవరో కోశారు.

మామయ్యా, నేను రాసిన కోడుని మీరు ముట్టుకున్నారా?

మేఘన


తిరువూరు,
26 మార్చి

మేఘనకు,

పెద్దవాణ్ణి నిలదీసే ఉత్తరం రాశావు. సరే, పడతాను. నేను ఏ కాలేజీ గడపా తొక్కినవాణ్ణి కాదు. మోటారు విప్పి విద్య నేర్చుకున్నాను. వాక్యం నాకు నేనే చదువుకున్నాను. కంప్యూటరూ అలాగే, పాత పుస్తకాలు కొని, షాపులో గిరాకీ లేనప్పుడు చదివాను. నాకు తెలియనిది నాకు తెలియదని ఒప్పుకుంటాను. కానీ నీ తాళానికి నేను కాపలావాణ్ణి మాత్రమే. నేను ముట్టుకోలేదు.

నిన్న విజయ్ కుమార్ షాపుకి వచ్చాడు. "లెక్కల పరీక్షలో మా పాప పేపరు ముందు పెట్టుకుని ఏడ్చిందంట. ఈస్టరు అయిన గురువారం మా ఇంటికి భోజనానికి రండి బ్రదర్ గారూ. పెళ్ళి కనపడకపోతే అప్పుడు మీరేం చేస్తారో చెప్పండి" అన్నాడు.  నాకంటే ముందు అంతోనయ్య అందుకున్నాడు. "తేదీ మార్చేసుంటారు, దొంగకి ఆ మాత్రం తెలివి ఉండదా?" అన్నాడు. విజయ్ కుమార్ అతని వైపు చాలాసేపు చూసి వెళ్ళిపోయాడు.

నాకు నిద్ర సరిగా లేదు. ఆ విన్నపం మాటలు చెవిలో మోగుతున్నాయి. అవి అబద్ధం మాటలు కావు. ఎక్కడో ఒక పిల్ల అన్నం తినడం లేదు. రోజులు పోతున్నాయి. నువ్వు గడ్డి గురించి రాస్తున్నావు.

నీ మామయ్య,
ఏబెల్

మేఘనా, నేను హన్నమ్మ అత్తయ్యని. కవరు అంటించమని నా చేతికిచ్చి ఆయన స్నానానికి పోయారు. ఈ ఉత్తరమూ, నువ్వు రాసిందీ చదివాను, తప్పయితే దేవుడికి చెప్పుకుంటాను. ఆయన ముట్టుకున్నారు. జనవరిలో పది రోజులు కళ్ళజోడు పెట్టుకుని షాపులో కూర్చుని, "ఆ పిల్ల రాసింది నాకెందుకు, నేను రాయలేనా" అని మొత్తం తిరగరాశారు. ఆడవాళ్ళ ఫోనులో వచ్చే పేజీ కూడా మార్చారు. "నిండిన పెట్టె వెనక ఇంకో పెట్టె ఎందుకు, ఇది పిచ్చి లెక్క" అని నాతో అన్నారు కూడా. నువ్వు గడ్డి అని రాసినదాని బదులు సున్నాలు పెట్టారంట. సున్నా అంటే ఏమీ లేదు కదా, ఎవరికీ అడ్డురాదు అన్నారు. నాకు దీని మంచీ చెడ్డా తెలియదు. నీకు తెలుస్తుందని రాస్తున్నా.


హైదరాబాదు,
31 మార్చి

మామయ్యా,

ఇది కొరియరులో పంపుతున్నాను. మీ చేతికే ఇవ్వాలని రాయించాను. చదివేటప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదు.

మీరు ఖాళీ గళ్ళలో సున్నాలు నింపారు. తెరిచాక, చివర ఎన్ని సున్నాలు కనిపిస్తే అన్నీ తీసేస్తున్నారు. ఎన్ని నింపారో ఎక్కడా రాసుకోలేదు. "ఆమెన్" అని ముగిసే రాతతో పరీక్షించి ఉంటారు, బాగానే వచ్చి ఉంటుంది. కానీ మన విన్నపాలన్నీ కార్డు నంబరుతో ముగుస్తాయి. నంబరు చివర సున్నా ఉంటే, మీ సున్నాలతో పాటు అదీ పోతుంది.

అత్తయ్యకి గేదె ఎక్కడిది? అది పదో నంబరు వాళ్ళ గేదె, లేదా నూరో నంబరు వాళ్ళది. వెనక సున్నాలు పోయి ఒకటి మిగిలింది.

పన్నెండో నంబరు కూడా అలాగే మిగిలింది. నూట నలభై కార్డుల్లో, చివర సున్నా పోతే పన్నెండు అయ్యే నంబరు ఒక్కటే ఉంది. నూట ఇరవై.

నూట ఇరవై ఎవరో నాకు తెలియదు, తెలియనక్కర్లేదు. మీరు మాత్రం పుస్తకం తీయండి. ఎవరికీ చెప్పకండి.

అత్తయ్యని ఏమీ అనకండి.

మేఘన


తిరువూరు,
4 ఏప్రిల్

మేఘనా,

పుస్తకం తీశాను. నూట ఇరవై కరుణశ్రీ. అంతోనయ్య భార్య.

ఇప్పుడు అర్థమైంది. ఆ రోజు నేను విన్నపం చదివి వినిపించింది ఆ పిల్ల తండ్రికే. వింటున్నప్పుడు అతని ముఖం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. నేను కంప్యూటరు వైపే చూశాను, అతని వైపు చూడలేదు. "పన్నెండేనా, సరిగ్గా చూశారా?" అన్నది అందుకే. కార్డుల మీద నంబర్లు వేసింది అతనే. తన ఇంటి నంబరు కాదని తెలిశాక నాకంటే ముందు లేచాడు. నెల రోజులుగా ఇంకో ఇంటిమీద పడుతున్న రాళ్ళు చూస్తూ నా పక్కనే నిలబడ్డాడు. కొన్ని తనే వేశాడు.

ఆ మార్చి 6 తర్వాత పన్నెండు పేరుతో ఒక్క విన్నపం కూడా రాలేదు. కరుణశ్రీ మీద అతనికి అనుమానం వచ్చినట్టుంది, ఆమె ఫోను ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో నువ్వే ఊహించుకో.

ఇంకోటి విను. నిన్న షామియానాల దశరథరామయ్య జనరేటరు మోటారు పట్టుకొచ్చి, మంగళవారానికల్లా కావాలన్నాడు. "శ్రమదినాల్లో ఎవరింట్లోనండీ?" అన్నాను. "మీ అంతోనయ్య గారిదేగా. రెడ్డిగూడెంలో బుధవారం పొద్దున. చిన్న కార్యం, మైకు వద్దన్నాడు. మీకు చెప్పలేదా?" అన్నాడు. అంటే తొమ్మిదో తేదీ. పెళ్ళిని పదిహేను రోజులు ముందుకి జరిపాడు. జరిపించింది నేనే.

నేను ముట్టుకోలేదని నీకు రాశాను. అబద్ధం. బైబిల్లో దేవుని మందసపెట్టె బండి మీంచి జారుతోందని చెయ్యి పెట్టినవాడు అక్కడే పడి చచ్చాడు. అది కనీసం జారుతోంది. నువ్వు చేసినది నిలకడగానే ఉంది. నేను చెయ్యి పెట్టింది నీ మీద కోపంతో. నాకు తెలియకుండా నా ఇంటి పిల్లకి ఇంత తెలివి ఎక్కడిదని.

సోమవారం పొద్దున్నే స్త్రీ శిశు సంక్షేమ ఆఫీసుకి పోతాను. పరీక్షల ముందు పిల్లలందరూ హాలు టికెట్లు తెచ్చి బల్లమీద పెట్టి ప్రార్థన చేయించుకుంటారు కదా, వాటి జెరాక్సులు నా దగ్గరే ఉన్నాయి. అందులో ఆ పిల్ల పుట్టినతేదీ ఉంది. పెళ్ళి సంగతి దశరథరామయ్య నోటితో విన్నాను. విన్నపం ఊసు ఎత్తకుండానే ఫిర్యాదు నా పేరుతో ఇవ్వవచ్చు.

ఆ తర్వాత, ఆదివారం, సహవాసంలో నిలబడి ఉన్నదంతా చెబుతాను. సున్నా పోవడం వల్ల నంబరు మారిందని, ప్రమీలారాణి ఇంట్లో ఏ తప్పూ లేదని. అప్పుడైనా ఆ కుటుంబం తలెత్తుకుంటుంది.

ఏబెల్


హైదరాబాదు,
6 ఏప్రిల్

మామయ్యా,

ఆఫీసుకి వెళ్ళండి. వాళ్ళు కదలకపోతే పిల్లల హెల్ప్‌లైను 1098కి ఫోను చెయ్యండి. ఆ ఫోను షాపులోంచి చెయ్యకండి.

ఆదివారం సంగతి మాత్రం ఆగండి. సున్నా పోయిందని మీరు ఒక్క మాట అంటే చాలు. పన్నెండు వెనక సున్నా పెడితే ఎంతవుతుందో రెండో తరగతి పిల్లలు చెప్తారు. కార్డులు రాసిన మనిషికి అంత సమయం కూడా పట్టదు. పెళ్ళి ఆగిపోయాక, కోపంతో ఇంటికి వెళ్ళే భర్తకి ఆ నంబరు మీరే అందించినట్టవుతుంది. ఆమె అదే ఇంట్లో ఉండాలి.

మీరు ప్రమీలారాణి గారి పేరు కడగాలి. తప్పకుండా కడగాలి. కానీ ఎలా జరిగిందో చెప్పకూడదు. నంబరు, కంప్యూటరు, విన్నపం, ఏ మాటా రాకూడదు. అందరూ మిమ్మల్ని ఏమనుకుంటారో నాకు తెలుసు. గుడిలో పెదవులు మాత్రం కదిలిస్తున్న ఆడమనిషిని చూసి తాగి వచ్చిందన్న యాజకుడి కథ చిన్నప్పుడు నాకు చెప్పింది మీరే. ఆ యాజకుడు తన పొరపాటు తెలిశాక ఆమెను దీవించి పంపాడు, కారణాలు చెప్పలేదు.

మీరు చేయగలరో లేదో నాకు తెలియదు. ఇంతకు ముందు మీరు ఏ మాటనీ దాచడం నేను చూడలేదు.

మేఘన


తిరువూరు,
21 ఏప్రిల్

మేఘనకు,

బుధవారం పది గంటలకి ఆఫీసు వాళ్ళు ఇద్దరు కానిస్టేబుళ్ళతో రెడ్డిగూడెం వచ్చారు. నేనూ జీపులోనే ఉన్నాను. ఫిర్యాదు చేసినవాడు ముఖం దాచుకోకూడదనుకున్నాను. పైగా ఆ కోపం పడాల్సింది ఎవరి మీదో అందరి ముందూ కనిపించాలి.

అంతోనయ్య నా చొక్కా పట్టుకున్నాడు. "నీకెవరు చెప్పారు?" అన్నాడు. "గారు" పోయింది. "నీ కూతురి హాలు టికెట్టు చెప్పింది. నీ షామియానా చెప్పింది. నా దగ్గర రిపేరుకి జనరేటరు పెట్టించి, నాకు తెలియకుండా పెళ్ళి చేద్దామనుకున్నావు" అన్నాను. అతను భార్య వైపు తిరిగాడు. 

కరుణశ్రీ అప్పుడు లేచింది. చేతిలో అక్షింతల పళ్ళెం అలాగే ఉంది. నా ఎదురుగా వచ్చి, ఆ ఊరంతా వినేటట్టు తిట్టింది. "మా పిల్ల బతుకు మీద మన్ను పోశావు, నీ నోరు పడిపోను. నీకు బిడ్డలుంటే తెలిసేది" అంది. నన్ను ఇంతవరకు ఎవరూ అలా తిట్టలేదు. ఆమె మాట ఎంత గట్టిగా ఉందో అంత గట్టిగా అంతోనయ్య చూపు ఆమె మీద నుంచి నా మీదకి మళ్ళింది. నేను తలొంచుకుని నిలబడ్డాను. పెళ్ళికొడుకు వాళ్ళు జీపుని చూసినప్పుడే చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

పద్దెనిమిదేళ్ళు నిండేదాకా పెళ్ళి చెయ్యనని అంతోనయ్య చేత కాగితం రాయించారు. పాపని బాలికల హాస్టలులో పెట్టారు. నెలకోసారి ఆఫీసు నుంచి మనిషి ఇంటికి వచ్చి తల్లితో విడిగా మాట్లాడేటట్టు నేనే అడిగి రాయించాను.

తర్వాత ఆదివారం, ఈస్టరుకి ముందు వచ్చే మట్టలాదివారం. పాట అయ్యాక లేచాను. ప్రమీలారాణి కుటుంబాన్ని రమ్మని మీ అత్తయ్య మూడుసార్లు వెళ్ళి బతిమాలింది. వచ్చి వెనక నిలబడ్డారు. "వీళ్ళ ఇంటిమీద నేను చెప్పింది అబద్ధం. ఆ ఇంట్లో ఏ పాపమూ లేదు. తప్పు పూర్తిగా నాది" అన్నాను.

"మరి ఆ మాట ఎక్కడి నుంచి పుట్టింది బ్రదర్ గారూ?" అని ఒక పెద్దమనిషి అడిగాడు.

మూడో వరసలో అంతోనయ్య ముందుకి వంగాడు. అమ్మాయ్, సున్నా సంగతి నా నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే నేను అపనిందలు వేసే మనిషిని కాను, లెక్క తప్పినవాణ్ణి అవుతాను. ముప్పై ఏళ్ళు మండుతూ మాట్లాడిన నోరు ఇది, మూసుకోవడం రాదు.

"నా నోట్లో నుంచే పుట్టింది" అన్నాను.

"అంటే కల్పించారా?"

"ఇంక నన్ను ఏమీ అడగకండి."

విజయ్ కుమార్ క్షమించలేదు. "మా పాప లెక్కల పేపరు తిరిగి రాయిస్తారా?" అని మాత్రం అడిగి వెళ్ళిపోయాడు. ప్రమీలారాణి మీ అత్తయ్యకి వందనాలు చెప్పి, నాకు చెప్పకుండా వెళ్ళింది. ఆ సాయంత్రమే పెద్దలు కూర్చుని, నేను ఇక వాక్యం చెప్పకూడదని తీర్మానం చేశారు. తీర్మానం చదివింది అంతోనయ్య. నిన్న ఈస్టరు ఆరాధనలో గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్నాను. కరుణశ్రీ నా పక్క నుంచే లోపలికి వెళ్ళింది. నా వైపు చూడలేదు.

రెండేళ్ళ కిందట నీ మాట కూడా నేను నాలుగు రోజులు మోయాల్సింది. అవినాష్‌ని తీసుకుని రా. మీ అమ్మతో నేను మాట్లాడతాను. ఈసారి నువ్వు రమ్మంటేనే మాట్లాడతాను.

నీ కోడు పాత కాపీ అత్తయ్య ఫోనుకి పంపావుగా. అది మళ్ళీ పెట్టాం. కంప్యూటరు షాపులోంచి ఇంట్లోకి తెచ్చాం. పెట్టె, పుస్తకం, ఇనప్పెట్టె తాళం, మూడూ ఇప్పుడు మీ అత్తయ్యవే. ఆమె చదువు ఏడో తరగతి. అయినా ఊళ్ళో ఆడవాళ్ళు తనకి ఏం చెప్పినా ఇరవై ఏళ్ళుగా నా చెవికి చేరలేదు, ఆ సంగతి నేను ఈ నెలలోనే గమనించాను.

ఈ ఉత్తరం మొదలుపెట్టేముందు ఒక విన్నపం వచ్చింది. హన్నమ్మ తెరిచింది. చదువుతూ కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పెద్ద విన్నపమే అయి ఉండాలి, చాలాసేపు చదివింది. నేను గుమ్మంలో కూర్చుని ఉన్నాను. ఎవరిది అని అడగడానికి నోరు తెరిచాను.

తాగడానికి నీళ్ళిమ్మన్నాను.

మీ మామయ్య,
ఏబెల్